రాజుగారి గోరువంకలు

అనగా అనగా, మన తాతల తాతలకు తాతలు కూడా పుట్టకముందు, కొండల నడుమ మణిమంతమని ఒక చిన్న రాజ్యం ఉండేది. రాజ్యమంటే ఎంతో కాదు. ఒక కోట, కోట చుట్టూ ఒక ఊరు, ఊరు దాటితే పొలాలు, పొలాలు దాటితే కొండలు. దాన్ని ఉదయసేనుడనే రాజు ఏలేవాడు.

ఉదయసేనుడు చెడ్డవాడు కాడు. భయస్థుడు. పసితనంలోనే తల్లీ తండ్రీ పోయారు. మేనమామ రాజ్యం మీద ఆశపడి, పిల్లవాడి పాలలో విషం కలిపించబోయాడు. ఆ మేనమామ గదిలో ఒక గోరువంక ఉండేది. అది పంజరంలోంచి, "పాలలో కలిపెయ్, ఎవరికీ తెలియదు" అని అచ్చం ఆయన గొంతుతోనే పలికింది. దాది విన్నది. పాలు పారబోసింది. పిల్లవాడు బతికాడు.

బతికి, పెద్దవాడై, సింహాసనం ఎక్కాడు. ఎక్కినా గుండెలో గుబులు పోలేదు. ఒక్క గోరువంక నా ప్రాణం కాపాడింది, ఇంటికొక గోరువంక ఉంటే ఇక నాకు తెలియకుండా ఎవరేం చేయగలరు అనుకున్నాడు.

పై కొండల్లో ఒక జాతి గోరువంకలుండేవి. విన్న మాట మరచిపోవు, గొంతు కూడా మార్చవు. రాజు వాటిని పట్టించి, వెదురు పంజరాలు అల్లించి ఇంటింటికీ పంపాడు. పంజరం నట్టింట్లోనే వేలాడాలి. వేళకు గింజలూ నీళ్ళూ పెట్టాలి. సంతరోజు పొద్దున్నే తెచ్చి కోట పక్కనున్న వినికిడి మండపంలో అప్పగించాలి. ఇంట్లో వారమంతా ఏం మాట్లాడుకున్నారో పిట్ట అక్కడ చెప్పేస్తుంది. దాని నోట చెడ్డమాట ఏదీ రాకపోతే, సాయంత్రానికి పంజరం తీసుకుని ఇంటికి పోవచ్చు. వస్తే, ఆ మాట అన్నవాళ్ళు రాతిగనికి పోవాలి.

మండపంలో కూర్చుని వినే ఉద్యోగం ఓబులయ్యకు దొరికింది. ఓబులయ్యది చిన్నప్పటి నుంచీ చురుకైన చెవి. ఇంకా మలుపు తిరగని ఎద్దుబండి చప్పుడు విని అది ఎవరి బండో చెప్పేవాడు. ఉద్యోగం వచ్చిన రోజు భార్య కొండమ్మ పరమాన్నం వండింది. వినడమే కదా, ఎవరికి చెరుపు అనుకున్నారు ఇద్దరూ.

మొదట పిట్ట పట్టించింది నిజంగా దొంగనే. కోట ధాన్యం కాజేసినవాడు ఇంట్లో గొప్పలు చెప్పుకుంటే పిట్ట అప్పజెప్పింది. ఊరంతా మెచ్చుకుంది.

రెండోసారి ఒక కుమ్మరి దొరికాడు. రాజుగారు కట్టించిన వంతెన వంకరగా ఉందని పెళ్ళాంతో అన్నాడు. రాతిగనికి పోయాడు.

మూడోసారి ఒక కొత్తకోడలు దొరికింది. జడ వేయించుకుంటూ, రాజుగారి మీసం తడిసిన ఉడుత తోకలా ఉంటుందని ఆడబిడ్డతో నవ్వింది. ఆమె కూడా రాతిగనికి పోయింది. వంతెన వంకర మాట నిజం. మీసం సంగతి నేను చెప్పను.

ఆ పూట ఓబులయ్యకు అన్నం సయించలేదు. "వినడం నా పని. శిక్ష వేయడం కొత్వాలుగారి పని" అని తనకు తాను చెప్పుకున్నాడు. పైకి చెప్పుకోలేదు. వాళ్ళింట్లోనూ పంజరం ఉంది.

ఆ తర్వాత ఊరు నోరు మూసుకుంది.

ముందు రాజు గురించి మాట్లాడటం మానేశారు. తర్వాత పక్కింటి గురించి మానేశారు. ఏ మాట ఎటు పోయి ఎక్కడ తగులుతుందో తెలియదు కనుక చివరికి మొత్తంగా మానేశారు. అన్నం కావాలంటే గరిటెతో గిన్నె మీద కొట్టేవారు. పిలవాలంటే దగ్గేవారు. వద్దంటే చెయ్యి ఊపేవారు. పక్కవాడి గేదె కట్టు తెంపుకుని పోతున్నా చెప్పేవారు కాదు, వాడి భుజం తట్టి చూపించేవారు. ఈలోపు గేదె పొలం దాటేది.

పిల్లలున్న ఇళ్ళలో మరీ జాగ్రత్త. పసివాళ్ళకు ఏ మాటా వినబడకపోతే, ఏ మాటా అనలేరు. అనకపోతే ఏ ముప్పూ రాదు. తల్లులు అలా అనుకున్నారు. బిడ్డల్ని కాపాడుకుంటున్నామనే అనుకున్నారు.

సంతరోజు మండపంలో పంజరాలు బారులు తీరేవి. ఒక పిట్ట ఖళ్ ఖళ్ మని దగ్గేది. ఇంకొకటి టంగు టంగు మని గరిటె చప్పుడు చేసేది. మరొకటి నిట్టూర్చేది. సాయంత్రం కొత్వాలు వచ్చి, "ఏముందోయ్ ఈ వారం?" అనేవాడు.

"దగ్గులండీ. గరిటెలండీ."

"బాగుంది, బాగుంది" అని మీసం దువ్వుకుని వెళ్ళి రాజుకు చెప్పేవాడు. నా రాజ్యంలో ఒక్కరికీ ఒక్క ఫిర్యాదూ లేదు కదా అని రాజు మురిసిపోయేవాడు.

ఓబులయ్య, కొండమ్మలకు చాలా ఏళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టింది. నీలి అని పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టారన్నమాటే గాని ఆ పేరుతో పిలిచింది తక్కువ. చిటికె వేస్తే పిల్ల తిరిగి చూసేది. చక్కటి పిల్ల. మూడేళ్ళు నిండినా నోరు విప్పలేదు.

ఓబులయ్య వైద్యుణ్ణి పిలిపించాడు. వైద్యుడు నాలుక చూశాడు, గొంతు చూశాడు, వెనక నుంచి చప్పట్లు కొట్టి చెవులు చూశాడు. అన్నీ బాగున్నాయి. ఆయన ఏదో చెప్పబోయి, పంజరం వైపు చూసి ఆగాడు. తన నోరు చూపించాడు, కొండమ్మ నోరు చూపించాడు, ఓబులయ్య నోరు చూపించాడు, చివరికి పిల్ల చెవి చూపించి ఖాళీ చేతులు తిప్పి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఓబులయ్యకు అర్థమైంది. వినని మాట పిల్ల ఎలా పలుకుతుంది?

ఒకనాటి మధ్యాహ్నం నీలి అరుగు మీద చెక్కబొమ్మతో ఆడుకుంటోంది. బొమ్మకు అన్నం పెట్టింది. నీళ్ళు తాగించింది. తర్వాత అరచేత్తో బొమ్మ నోరు గట్టిగా మూసి, పంజరం వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు కొండమ్మది. ఓబులయ్య లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మరుసటి సంతరోజు మండపంలో పంజరాలన్నీ దగ్గుతున్నాయి. చివరి వరసలో ఒక పిట్ట మాత్రం రెక్కలు విదిల్చి గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది.

"రా నాయనా, రా. కాళ్ళ మీదికి రా. ఏంట్రా ఆ చూపు? మీ తాత చూపే. ఆయనా ఇంతే, పండక్కి పండక్కి తప్ప ఒళ్ళు తడిపేవాడు కాడు. ఇదిగో చెయ్యి. ఈ చెయ్యెందుకు? అన్నం కలుపుకోడానికి. ఇదిగో కాలు. ఈ కాలెందుకు? అమ్మమ్మ పిలిస్తే పారిపోడానికి. ఏడవకు, ఏడవకు, అయిపోయింది. మాటలొద్దన్నాడట రాజు. పాపం, ఆయనకు చిన్నప్పుడు ఎవరూ లాలపోయలేదేమో. పోసుంటే ఇంత భయముండేదా?"

ఓబులయ్య చేతిలో గింజల గిన్నె ఒరిగిపోయింది. భయంతో కాదు. ఎన్నేళ్ళయిందో ఒక మనిషి ఇంకో మనిషితో ఇంత తీరిగ్గా మాట్లాడటం విని.

ఆ పూట కొత్వాలు వచ్చి ఏముందోయ్ అన్నాడు. "దగ్గులండీ" అన్నాడు ఓబులయ్య.

మర్నాడు ఆ పిట్ట ఉండే ఇంటికి వెళ్ళాడు. ఊరి చివర చేనేతవాళ్ళ ఇల్లు. పై కొండ గూడెం నుంచి ఆ ఇల్లాలి తల్లి గవరమ్మ కొత్తగా దిగింది, కూతురి పురిటికని. కొండ గూడేలకు రాజుగారి పిట్టలు చేరలేదు. కూతురూ అల్లుడూ చేతులు ఊపీ ఊపీ అలిసిపోయారు, ముసలామె నోరు మాత్రం మూతపడలేదు. పెరట్లో పీట మీద కాళ్ళు చాపుకుని, మనవడికి నలుగు పెడుతోంది.

ఓబులయ్య పెరటి గోడ అవతల నిలబడి గొంతు తగ్గించి, "అమ్మా, మీ పిట్ట అన్నీ చెప్పేస్తోంది" అన్నాడు.

గవరమ్మ తలెత్తింది. "చెప్పనీ నాయనా. అబద్ధం చెప్పటం లేదు గదా? ఇంతకీ నువ్వెవరు?"

"నేను... మండపంలో వింటాను."

"ఓహో, రాజుగారి చెవివి నువ్వేనా? చూస్తే మామూలుగానే ఉన్నావే. చేటంత చెవులుంటాయనుకున్నాను."

"నవ్వులాట కాదమ్మా. కొత్వాలు వింటే రాతిగనికి పంపుతాడు."

"ఈ మోకాళ్ళతోనా? అయితే ఆయనే మోసుకుపోవాలి" అంది గవరమ్మ, పిల్లవాడి వీపు మీద గోరువెచ్చని నీళ్ళు పోస్తూ.

"మీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? ఉంది. కానీ వీడు నోరు లేకుండా పెరుగుతాడేమోనన్న భయం అంతకంటే పెద్దది. పెద్ద భయం ముందు చిన్న భయం ఎంతలే." నీళ్ళ చెంబు పక్కన పెట్టి ఓబులయ్య మొహంలోకి చూసింది. "నీకు పిల్లలున్నారా?"

"ఒక్కతే. మూడేళ్ళు." తన నోటి మీద వేలు పెట్టి చూపించాడు.

గవరమ్మ ఇంకేమీ అడగలేదు. "తీసుకురా, నా ఒళ్ళో కూర్చోబెట్టు" అంది.

"చూస్తారమ్మా. నేను ఎవరింటికి వెళ్ళినా ఎందుకు వెళ్ళానని అడుగుతారు. ఇప్పుడే అడిగితే ఏం చెప్పాలో తెలియదు."

"దారి అడిగానని చెప్పు. దారి తప్పినట్టే ఉన్నావు."

దారి పొడుగునా ఓబులయ్య ఆలోచించాడు. గవరమ్మ దగ్గరికి పిల్లను తీసుకుపోలేడు. కానీ గవరమ్మ మాటలు సంతరోజుకు తన మండపానికే వస్తాయి. తండ్రి వెంట కూతురు పనికి పోతే వద్దనే చట్టం రాజుగారు ఇంకా చేయలేదు.

సంతరోజు నీలిని చంకనెత్తుకుని బయలుదేరాడు. చివరి వరస పంజరం ముందు చాప పరిచి కూర్చోబెట్టాడు. పిట్ట మొదలుపెట్టింది. నీలి మెడ సాగదీసి చూసింది. ఎక్కడి నుంచి వస్తోందా అని పంజరం వెనక వెతికింది. "ఈ కాలెందుకు?" అని పిట్ట అనగానే తన కాలు తాను పట్టుకుని చూసుకుంది.

తర్వాతి సంతకు, పిట్ట నోరు తెరవకముందే పంజరాన్ని వేలితో తట్టింది. "అమ్మమ్మ పిలిస్తే పారిపోడానికి" అని పిట్ట అనగానే కిలకిలా నవ్వింది. ఇంట్లో అలా నవ్వడం ఓబులయ్య వినలేదు. కొండమ్మకు చెబుదామనుకున్నాడు. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియలేదు. నీలిని చూపించి, తన పెదాలు సాగదీసి చూపించాడు. కొండమ్మ భర్తకు ఏమైందో తెలియక నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

మూడో సంత వచ్చింది. ఆ పూట రాజుగారికి తన ప్రశాంతమైన మండపం చూడాలని బుద్ధి పుట్టింది. కొత్వాలును వెంటబెట్టుకుని చెప్పాపెట్టకుండా వచ్చాడు. గుమ్మంలో అడుగుపెట్టేసరికి దగ్గుల, గరిటె చప్పుళ్ళ మధ్య ఒక పసిపిల్ల కనబడింది.

నీలి చాప మీద కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. రాజును చూసింది. కిరీటమంటే తెలియదు, రాజంటే తెలియదు. ఎవరో వచ్చారు, నిలబడిపోయారు. రెండు చేతులూ చాపింది.

"రా నాయనా, రా. కాళ్ళ మీదికి రా."

కూతురి మొదటి మాట విన్న తండ్రికి ఎంత ఆనందమో ఓబులయ్యకు అంతా కలిగింది. ఆ తర్వాత ఏ మాట వస్తుందో తెలిసినవాడికి ఎంత భయమో అంతా కలిగింది. ఒకేసారి రెండూ. అడుగు ముందుకు వేసేలోపే నీలి మిగతాది చెప్పేసింది.

"మాటలొద్దన్నాడట రాజు. పాపం, ఆయనకు చిన్నప్పుడు ఎవరూ లాలపోయలేదేమో."

కొత్వాలు కత్తి మీద చెయ్యి వేశాడు. రాజు మొహం తెల్లబోయింది. "ఇవి ఏ ఇంటి మాటలు ఓబులయ్యా?"

"నాకు తెలుసు ప్రభూ. కానీ చెప్పను."

"చెప్పకపోతే నువ్వు రాతిగనికి పోతావు."

"పోతాను ప్రభూ. ఇప్పుడే పోతాను." ఓబులయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఈ పిల్ల నా కూతురు. మూడేళ్ళు నిండాయి. నోరు విప్పడం ఇదే మొదలు. పిలుపంటే ఏమిటో ఈ పిట్ట దగ్గర నేర్చుకుంది. ఆ ఇంటి పేరు నేను చెబితే, నా బిడ్డకు మాటలిచ్చిన నోరు మూయించినట్టు. అది నా వల్ల కాదు."

అప్పుడు రాజు ఎవరూ అనుకోని పని చేశాడు. కిరీటం తీసి కొత్వాలు చేతికిచ్చి, చాప మీద నీలి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంకా చెప్పమ్మా" అన్నాడు. "ఇంకేం వచ్చు నీకు?"

నీలి ఉత్సాహంగా నోరు తెరిచింది. చెయ్యి చూపించి, "అన్నం కలుపుకోడానికి" అంది. కాలు చూపించి, "పారిపోడానికి" అంది. అంతే. పిట్ట ఇచ్చిన మాటలు అయిపోయాయి. రాజు ఇంకా చూస్తూనే ఉన్నాడు. పిల్ల వెతుక్కుంది, ఇంకేమున్నాయా అని. అప్పుడు ఖళ్ మని దగ్గింది. నాలుకతో టంగు టంగు మని గరిటె చప్పుడు చేసింది. ఒక నిట్టూర్పు విడిచింది, అచ్చం పెద్దవాళ్ళలాగా. చెప్పడం బాగుందా అన్నట్టు తండ్రి వైపు చూసింది.

"ఏమిటది?" అని అడిగాడు రాజు.

"అది మా ఇల్లు ప్రభూ" అన్నాడు ఓబులయ్య. "మా ఇంట్లో ఉన్నదంతా చెప్పేసింది."

"ఇలాంటి పిల్లలు ఎందరున్నారు?"

"పిట్టలొచ్చాక పుట్టినవాళ్ళందరూ."

"నమ్మకండి ప్రభూ, తప్పించుకోవడానికి చెబుతున్నాడు" అన్నాడు కొత్వాలు.

రాజు అతని వైపు తిరిగాడు. "మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"ఒక మనవడు, ప్రభూ."

"ఏమంటాడు?"

కొత్వాలు చేతిలోని కిరీటాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పెద్ద మనిషి, ఎన్నో యుద్ధాలు చూసినవాడు. "ఏమీ అనడు ప్రభూ" అన్నాడు, ఎవరికీ వినబడనంత మెల్లగా.

మండపంలో పిట్టలు దగ్గుతూనే ఉన్నాయి. రాజు ఇంతకాలం ప్రశాంతత అనుకున్నదాన్ని మొదటిసారి కూర్చుని విన్నాడు.

"రేపు శత్రువులు కొండ దిగి వస్తే, వస్తున్నారని అరిచేవాళ్ళు ఉంటారా ఓబులయ్యా?"

"అరవడం ఎవరైనా నేర్పాలి కదా ప్రభూ."

రాజు లేచాడు. రాతిగని తలుపులు తీయమన్నాడు. పంజరాల తలుపులు తీయమన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఆ ఇల్లు ఏదో ఇప్పుడైనా చెప్పు. శిక్షించడానికి కాదు" అన్నాడు.

"ముందు వాళ్ళని అడిగి చెబుతాను ప్రభూ."

రాజు మీసం చాటున కొంచెం నవ్వినట్టే కనబడింది. ఓబులయ్య వెళ్ళి అడిగితే గవరమ్మ, "రమ్మను. మజ్జిగుంది. నాకు మోకాళ్ళ నొప్పి, నేను కోటకు రాలేను" అంది. రాజు వెళ్ళాడని కొందరంటారు.

పంజరాలు ఖాళీ అయ్యాయి. గోరువంకలు కొండలకు పోయాయి. రాతిగని నుంచి కుమ్మరి వచ్చాడు, కొత్తకోడలు వచ్చింది. ఊళ్ళో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఇదేదో కొత్త పన్నాగమనుకున్నారు. మూతపడటం నేర్చుకున్న నోరు ఆజ్ఞ వేస్తే తెరుచుకోదు. ఇళ్ళలో ఇంకా గరిటెలే మోగుతున్నాయి.

ఓబులయ్య ఇంట్లోనూ అంతే. నీలి తనకు వచ్చిన నాలుగు మాటలూ పదే పదే అంటూ తిరుగుతోంది. కొండమ్మ ఆ మాటలు వింటూ కళ్ళు తుడుచుకుంటుంది గాని, పెదవి కదపదు. భర్త ఎదురుగా అసలే కదపదు. ఎంతైనా ఇన్నేళ్ళు రాజుగారి చెవిగా ఉన్నవాడు. పిట్ట పోయింది, చెవి పోయిందా?

ఒక మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కొండమ్మ చింతపులుసు వడ్డించింది. ఓబులయ్య ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు. కొండమ్మ వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"పులుసులో ఉప్పు తక్కువైందే."

కొండమ్మ చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. గరిటె కింద పెట్టింది. భర్త మొహంలోకి నిదానంగా చూసింది.

"ఇన్నేళ్ళుగా అంతే వేస్తున్నాను" అంది. గొంతు వాడక బొంగురుపోయింది. "మీరెప్పుడూ అనలేదుగా?"

"అనలేదు."

"ఇన్నేళ్ళూ చప్పటి పులుసు తిన్నారా?"

"తిన్నాను. బాగాలేదు."

"చెప్పొచ్చుగా మహానుభావా, ఉప్పుకేం కరువు?" అని లేచి, ఉప్పు తెచ్చి, తెచ్చిన ఉప్పు వేయడం మరచిపోయి, పప్పు ఎలా ఉందని అడిగింది. పప్పు సంగతి చెప్పాడు. పక్కింటి గేదె సంగతి ఆమె చెప్పింది. వైద్యుడు చేతులు తిప్పిన సంగతి, పెదాలు సాగదీస్తే జ్వరమొచ్చిందేమోనని నుదురు ముట్టుకున్న సంగతి, ఒకటి తర్వాత ఒకటి బయటికొచ్చాయి. అన్నం చల్లారిపోయింది. నీలి అమ్మ నోటివైపు, నాన్న నోటివైపు తల తిప్పి తిప్పి చూసి, ఉప్పు గిన్నె దగ్గరికి లాక్కుని, "ఉప్పు" అంది.

ఆ మాట ఏ పిట్టా నేర్పలేదు.

కనుక పిల్లలూ, పెద్దలూ, ఇది గుర్తుంచుకోండి: జనం నోరు మూయించే రాజు ఇంటింటా చెవులు పెట్టుకున్నా చెవిటివాడే, మనసులో మాట భయం లేకుండా చెప్పుకోగలిగిన ఇల్లే ఇల్లు, చెప్పుకోనిచ్చిన రాజ్యమే రాజ్యం.